పొడవు ఒకటే కదా అనుకున్నాను: పాత ట్రైలరును వేరే పడవకు సరిచేసుకోవడం

మా గరాజులో ఉన్న ట్రైలరు పదహారు అడుగుల జాన్ బోటుది. జాన్ బోటు అంటే అడుగు బల్లపరుపుగా, పళ్లెంలా ఉండే తేలికపాటి అల్యూమినియం పడవ. దాన్ని అమ్మేసి, నిరుడు వేసవిలో వీ ఆకారపు అడుగున్న మరో అల్యూమినియం పడవ కొన్నాను. అదీ పదహారు అడుగులే. అమ్మినాయన ట్రైలరు తుప్పుపట్టి విరిగిపోయింది కనుక పడవను పెరట్లో సిమెంటు దిమ్మెల మీద నిలబెట్టాడు, అందుకే చవకగా వచ్చింది. పొడవు ఒకటే కదా, ఎక్కించి తాళ్లు బిగిస్తే సరిపోతుంది అనుకున్నాను.

ఆ సమయానికి మా మామయ్య గారు కోనసీమ నుంచి వచ్చి మా దగ్గర టెక్సస్‌లోని ప్లేనోలో ఉన్నారు. బస్సు డిపోలో ముప్పై ఏళ్లు మెకానిక్‌గా పనిచేసిన మనిషి. ట్రైలరు చుట్టూ ఒకసారి తిరిగి, "అల్లుడు గారూ, బండికి కావలసింది సరుకు పొడవు కాదండీ, బరువు ఎక్కడ కూర్చుంటుందో" అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. పది రోజుల తరవాత 78వ నంబరు రోడ్డు మీద, గంటకు నలభై ఐదు మైళ్ల వేగంలో, వెనక ట్రైలరు పాము తోకలా ఊగడం మొదలుపెట్టినప్పుడు ఆ మాట గుర్తొచ్చింది.

నేను తిప్పితిప్పి చేసిన పనిని మీరు సరైన వరుసలో చేయండి. నేను మొదట బంకులు (పడవ ఆనే చెక్క పలకలు) మార్చి, చివర బరువు తూచాను. మీరు బరువుతోనే మొదలుపెట్టండి.

ముందు రేకు చదవండి

అమెరికాలో అమ్మిన ప్రతి ట్రైలరుకూ ఎడమవైపు ముందు భాగంలో చట్రం మీద ఒక రేకో, స్టిక్కరో ఉంటుంది. ట్రైలరూ దాని మీది సరుకూ కలిపి ఎంత బరువు దాటకూడదో, ఇరుసు ఎంత మోయగలదో, ఏ కొలత టైర్లు వేయాలో, వాటిలో గాలి ఎంత ఉండాలో దాని మీద ఉంటుంది. నా దాని మీద మొత్తం 2,200 పౌండ్లు. ఖాళీ ట్రైలరు 480 పౌండ్లు. అంటే పడవా, మోటారూ, అందులోని సామానూ అన్నీ కలిపి 1,720 పౌండ్లకు మించకూడదు.

ఇక పడవ లెక్క. తయారీదారు కాగితంలో ఉండేది ఒట్టి పడవ బరువు, అది చూసి మోసపోకండి. నాది 850 పౌండ్లు. అరవై హార్స్ పవర్ మోటారు 250, రెండు బ్యాటరీలు 100. పెట్రోలు గ్యాలనుకు ఆరు పౌండ్ల చొప్పున పద్దెనిమిది గ్యాలన్లకు 110 వేసుకున్నాను. లంగరు, లైఫ్ జాకెట్లు, ఐసు పెట్టె, గాలాల సరంజామా కలిపి 150. వెరసి 1,460. ట్రైలరుతో కలిపి 1,940. రేకు ఒప్పుకుంటుంది. ఒప్పుకోకపోతే ఈ వ్యాసం మీకు పనికిరాదు, వేరే ట్రైలరు చూసుకోవాలి. పెద్ద టైర్లు వేసినంత మాత్రాన, లావు ఇరుసు బిగించినంత మాత్రాన రేకు మీది అంకె పెరగదు. చట్రమూ, కారుకు తగిలించే కప్లరూ, అతుకులూ పాతవే కదా.

టైర్ల దగ్గర నాకో పాఠం జరిగింది. రేకు మీద 4.80-12, లోడ్ రేంజ్ సి అని ఉంది. బిగించి ఉన్నవి అదే కొలత టైర్లే, కానీ లోడ్ రేంజ్ బి. నాకు ముందున్న యజమాని నాలుగు డాలర్లు మిగుల్చుకున్నాడు. బి టైరు ఒక్కొక్కటి 785 పౌండ్లు మోస్తుంది, సి అయితే 990. తేలికపాటి జాన్ బోటుతో ఈ తేడా ఎప్పుడూ బయటపడలేదు. కొత్త పడవతో ఒక్కో చక్రం మీద దాదాపు 900 పౌండ్లు పడుతుంది. టైరు పక్క గోడ మీద చిన్న అక్షరాలు చదవండి. అక్కడే తయారీ వారం, సంవత్సరం కూడా నాలుగు అంకెల్లో ఉంటాయి. సి రకానికి గాలి 90 పి.ఎస్.ఐ. కొట్టాలి, కారు టైరు అలవాటుతో 35 దగ్గర ఆపకండి.

పడవను దిమ్మెల మీద ఉండగానే కొలవండి

పడవ ట్రైలరు ఎక్కాక దాని అడుగు మీకు కనిపించదు. నా అదృష్టం కొద్దీ అది దిమ్మెల మీద ఉంది. వెల్లకిలా పడుకుని గంటసేపు కొలిచాను. (దిమ్మెలు గట్టిగా ఉన్నాయో లేదో మామయ్య గారు కాలితో తన్ని చూశాకే నన్ను పోనిచ్చారు.) కొలవవలసినవి ఇవి: మోటారు తగిలించే వెనక గోడ నుంచి ముక్కు దగ్గరి ఉక్కు రింగు వరకు పొడవు, ఆ రింగు ఎత్తు, పడవ వెడల్పు, అన్నిటికన్నా ముఖ్యంగా అడుగు వాలు. వెనక గోడ దగ్గర అడుగుకు ఫోన్‌లోని రసమట్టం ఆనిస్తే పన్నెండు డిగ్రీలు చూపించింది. ముందుకు పోయేకొద్దీ వాలు పెరుగుతుంది. పలకను పట్టే ముందు బ్రాకెట్టు వచ్చే చోట ఇరవై డిగ్రీలు ఉంది.

అడుగున పొడవునా పొంగుగా ఉండే గట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో, నీటి లోతు చూపే సెన్సారు, నీళ్లు లోపలికి లాగే రంధ్రం ఎక్కడ ఉన్నాయో సుద్దముక్కతో గుర్తుపెట్టి ఫోటోలు తీశాను. పలకలు వాటి మీద పడకూడదు. గట్టు అంచు మీద పలక నిలిస్తే బరువంతా ఆ సన్నటి గీత మీదే పడి పడవ రేకు సొట్టపోతుంది.

ఒక పెద్ద అట్టపెట్టె కోసి, వెనక గోడ ఆకారానికి నమూనా కత్తిరించాను. పనంతటిలో బాగా ఉపయోగపడింది ఆ అట్టముక్కే. గరాజులో ట్రైలరు మీద దాన్ని నిలబెట్టగానే విషయం తెలిసిపోయింది: పడవ వెన్ను (వీ ఆకారపు కింది కొన) చట్రం అడ్డకమ్మీని గుద్దుకుంటోంది.

బంకులు

బంకు అంటే ఇక్కడ పెట్రోలు బంకు కాదు. పడవ ఆనే పొడుగాటి చెక్క పలకను ఇలా అంటారు. జాన్ బోటు అడుగు చదును కనుక పాత పలకలు అడ్డకమ్మీల మీద చదునుగా, దాదాపు అంటిపెట్టుకుని ఉన్నాయి. వీ ఆకారపు పడవకు రెండు మార్పులు తప్పవు. పలకలు అడుగు వాలుకు తగ్గట్టు వంగాలి, వెన్ను కిందికి వేలాడేందుకు చోటుండేలా పైకి లేవాలి.

ఎంత పైకి? నేను పలకలను నడిమి గీతకు అటూ ఇటూ పద్దెనిమిది అంగుళాల దూరంలో పెట్టాను. పన్నెండు డిగ్రీల వాలుకు, పలక ఆనే చోటు కన్నా వెన్ను నాలుగు అంగుళాలకు కాస్త తక్కువగా దిగువన ఉంటుంది. రోడ్డు మీద ఎగిరినా కమ్మీని తాకకుండా ఒకటిన్నర అంగుళం ఖాళీ కావాలనుకున్నాను. అంటే కమ్మీ మీద నుంచి పలక పైభాగం ఐదున్నర అంగుళాలు. బోల్టు మీద అటూ ఇటూ తిరిగే తలలున్న ఎనిమిది అంగుళాల బ్రాకెట్లు కొన్నాను. అవి కమ్మీకి యూ బోల్టులతో బిగుస్తాయి. చట్రానికి రంధ్రాలు వేయకండి, ముఖ్యంగా కమ్మీ పై అంచుకూ కింది అంచుకూ. బలమంతా ఆ అంచుల్లోనే ఉంటుంది. జింకు పూత ఉన్న చట్రానికి ఇంట్లో వెల్డింగు అసలే వద్దు. కాలిన జింకు పొగ పీలిస్తే ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది. వెల్డింగు తప్పదనుకుంటే ట్రైలర్లు చేసే వర్క్‌షాపుకు తీసుకెళ్లండి.

కలప విషయంలో చాలామంది పొరబడతారు. తడిలో ఉంటుంది కదా అని చెదలు, బూజు పట్టకుండా మందు ఎక్కించిన కలప కొంటారు. ఆ మందులో రాగి ఉంటుంది. రాగి, తడి, అల్యూమినియం ఒకచోట చేరితే అల్యూమినియం పుచ్చిపోతుంది. ఫైబర్ గ్లాసు పడవకు ఆ కలప పరవాలేదు, అల్యూమినియానికి వద్దు. నేను మామూలు డగ్లస్ ఫర్ పలకలు తెచ్చి, అన్ని వైపులా, ముఖ్యంగా కోసిన చివర్లకు వార్నిషు మూడు పూతలు వేసి, పైన బంకు తివాచీ చుట్టాను. తివాచీని స్టెయిన్‌లెస్ పిన్నులతో కింది వైపు కొట్టాలి. బోల్టు తలలు పలకలోకి అర అంగుళం దిగాలి. తివాచీ అరిగిన రోజున బోల్టు తల పడవను గీకకూడదు కదా.

పలక వెనక చివర ఎక్కడ ఆగాలన్నది ఖాయం: పడవ వెనక గోడ కిందికి పూర్తిగా రావాలి, ఒక అంగుళం బయటికి వచ్చినా మంచిదే. మోటారు 250 పౌండ్లు ఆ గోడకే వేలాడుతోంది. పలక ఆరు అంగుళాలు ముందే ఆగిపోతే పడవ అడుగు అక్కడ మెల్లగా కిందికి వంగుతుంది. ఆ వంపు ఒకసారి పడితే నీటి మీద పడవ ముక్కు ఎత్తకుండా పోతుంది.

పలకలు బిగించాక మామయ్య గారు వంటింట్లోకి వెళ్లి చపాతీ పిండి ముద్ద తెచ్చారు. మా ఆవిడ ముఖం మీరు ఊహించుకోండి. నిమ్మకాయంత ఉండలు చేసి, ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, ఒక్కో పలక మీద అడుగుకొకటి పెట్టించారు. అమ్మినాయన పెరట్లో జాకీలతో ముక్కు ఎత్తి, ట్రైలరును కిందికి తోసి, పడవను నెమ్మదిగా దించాం. మళ్లీ ఎత్తి చూస్తే వెనక ఉండలు అప్పడంలా అయ్యాయి, మధ్యవి పూరీలంత మందం ఉన్నాయి, ముందు రెండు చెక్కుచెదరలేదు. అంటే పలకల ముందు చివరలు అసలు ఆనడమే లేదు. ముందు బ్రాకెట్లను ముప్పావు అంగుళం పైకి జరిపి మళ్లీ చూశాం. రెండోసారి ముందువి కూడా చదునయ్యాయి. బ్రాకెట్టు తల బోల్టులను పడవ బరువు పడ్డాకే చివరిగా బిగించండి. పలక తనంతట తాను వాలు వెతుక్కుంటుంది.

మడ్‌గార్డులూ చూసుకోండి. కొత్త పడవ వెడల్పు ఎక్కువ, పక్కలు మడ్‌గార్డుల మీదికి వస్తున్నాయి. గుంతలో పడితే కమాన్లు కుంగుతాయి కనుక కనీసం మూడు అంగుళాల ఖాళీ ఉండాలి. నాకు పలకలు పైకి లేవడం వల్లే ఆ ఖాళీ దొరికింది.

నొగ మీద బరువు

ఇంతవరకు బాగానే ఉంది అనుకుని రోడ్డెక్కాను. ఊగింది. అలా ఊగినప్పుడు కారు బ్రేకు తొక్కకండి, స్టీరింగు గట్టిగా తిప్పి సరిచేయాలనీ చూడకండి. యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీసి, స్టీరింగు తిన్నగా పట్టుకుంటే వేగం తగ్గి అదే సర్దుకుంటుంది. మిగతా దారి ముప్పై మైళ్ల వేగంతో ఇల్లు చేరాం. పక్క సీట్లో మామయ్య గారు ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చి కాఫీ తాగాక ఎడ్లబండి సంగతి ఎత్తారు.

బండిలో ధాన్యం బస్తాలు వెనక ఎక్కువైతే నొగ పైకి లేస్తుంది, కాడి ఎద్దుల మెడ మీద నుంచి ఎగురుతుంది, బండి దారి తప్పుతుంది. ముందు ఎక్కువైతే ఎద్దుల మెడ కుంగుతుంది. బస్తాలు ముందుకో బెత్తెడు, వెనక్కో బెత్తెడు జరిపి, కాడి ఎత్తి చూసి, మెడకు ఆనీ ఆననట్టు బరువుండేలా సర్దుతారు. ట్రైలరూ అంతే. ట్రైలరు నొగ (కారు వైపు పొడుచుకొచ్చే ముందు కమ్మీ), కప్లరు తగిలే కారు వెనక ఇనుప బంతి మీద మోపే బరువు, మొత్తంలో నూటికి ఏడు నుంచి పది వంతులు ఉండాలి. నాకు 1,940లో ఏడు వంతులంటే 136 పౌండ్లు, పది వంతులంటే 194.

ఎలా తూచాలి? ఇంట్లో మనుషులు తూగే మిషను చాలు. నాలుగు అడుగుల గట్టి పలక తీసుకుని, ఒక చివర ఇటుక మీద, రెండో చివర మిషను మీద ఆనేలా పెట్టండి. రెండు చోట్లా పలక కింద చిన్న పైపు ముక్క ఉంచితే ఆనే చోటు కచ్చితంగా తెలుస్తుంది. పైపుల మధ్య దూరం మూడు అడుగులు ఉండాలి. ఇటుక వైపు పైపు నుంచి సరిగ్గా ఒక అడుగు దూరంలో కప్లరును పలక మీదికి దించండి. మిషను చూపిన అంకెను మూడుతో గుణించండి. ట్రైలరు చదునుగా, కారుకు తగిలించినప్పుడు ఉండే ఎత్తులోనే ఉండాలి, చక్రాలకు అడ్డు పెట్టాలి. పలక ఒక్కటే ఉన్నప్పుడు మిషను చూపే అంకెను ముందే చూసి, గుణించే ముందు తీసేయండి.

నాది ఇరవై చూపించింది. అంటే అరవై పౌండ్లు, నూటికి మూడు వంతులు. ఊగక ఏం చేస్తుంది? పాత పడవకు మోటారు చిన్నది, దీనికి పెద్దది. బరువు మధ్యబిందువు వెనక్కి జారింది. పొడవు చూసినవాడికి ఇది కనబడదు.

సరిచేయడానికి రెండు దారులు: పడవను ముందుకు జరపడం, లేదా ఇరుసును వెనక్కి జరపడం. మొదటిది తేలిక. వించ్ (పడవను ట్రైలరు మీదికి లాగే చక్రం) ఉన్న స్తంభం యూ బోల్టులు వదులు చేసి ఆరు అంగుళాలు ముందుకు జరిపాను. దానితో పలకలనూ ఆరు అంగుళాలు ముందుకు తేవాలి, లేకపోతే వెనక గోడ పలక చివర దాటి లోపలికి పోయి పలకలు ఊరికే బయటికి పొడుచుకొస్తాయి. మళ్లీ తూచితే మిషను 39 చూపించింది, అంటే 117. ఇంకా చాలదు. ఇంకా ముందుకు జరుపుదామంటే, కారు మలుపు తిరిగేటప్పుడు పడవ ముక్కు కారు వెనక మూలకు తగిలేలా ఉంది.

ఇక ఇరుసు. నా ట్రైలరులో కమాన్లను పట్టే కొక్కేలు చట్రానికి వెల్డింగు చేసి లేవు, యూ బోల్టులతో బిగించి ఉన్నాయి కనుక జరపడం కుదిరింది. పడవ దించేసి, చట్రం కింద నాలుగు స్టాండ్లు పెట్టాకే నట్లు ముట్టుకున్నాం. జాకీ మీద నమ్మకంతో దూరవద్దు. రెండు వైపులా నాలుగు అంగుళాలు వెనక్కి, మడ్‌గార్డులతో సహా. తరవాత కప్లరు నడిమధ్య నుంచి ఇరుసు రెండు చివరలకూ టేపు పట్టి కొలిచాం. రెండు దూరాలూ సమానంగా ఉండాలి. మాకు మొదట ముప్పావు అంగుళం తేడా వచ్చింది. అలాగే వదిలేస్తే ట్రైలరు పీతలా పక్కకు నడుస్తుంది, టైరు ఒక వైపే అరుగుతుంది. రబ్బరు సుత్తితో కొట్టుకుంటూ తేడా గీతంతకు తెచ్చేసరికి మధ్యాహ్నం మూడయింది.

ఈసారి మిషను 54. అంటే 162 పౌండ్లు, నూటికి ఎనిమిది పైచిలుకు. మర్నాడు లారీలు తూచే కాటా మీద ట్రైలరును విడిగా నిలబెట్టి తూచాను. 1,960 వచ్చింది. నా లెక్క కన్నా ఇరవై ఎక్కువ. పడవలో చూస్తే మామయ్య గారి పనిముట్ల పెట్టె.

కట్లు, దీపాలు

వించ్ పట్టా స్తంభం నుంచి ముక్కు రింగు వరకు తిన్నగా రావాలి, రింగు రబ్బరు రోలరు కిందికి వచ్చి ఆగాలి. అప్పుడు పడవ ముందుకూ పైకీ కదలలేదు. కొత్త పడవ రింగు ఎత్తులో ఉంది కనుక స్తంభం ఎత్తు కూడా పెంచాను. వించ్ లాగడానికే గాని కట్టివేయడానికి కాదు. దానికి తోడు ముక్కు దగ్గర విడిగా ఒక గొలుసు, వెనక రెండు మూలలా రెండు పట్టాలు వేయండి. కారుకూ ట్రైలరుకూ మధ్య రక్షణ గొలుసులు నొగ కింద ఇంటూ గుర్తులా అడ్డంగా వేయాలి. కప్లరు బంతి మీద నుంచి జారినా నొగ ఆ ఉయ్యాలలో పడుతుంది, రోడ్డును పొడవదు.

దీపాలకు నాలుగు తీగలు: తెలుపు ఎర్తు, గోధుమరంగు వెనక దీపాలు, పసుపు ఎడమ సూచిక, ఆకుపచ్చ కుడి సూచిక. ఇరుసు జరిపినప్పుడు తీగ లాగుకుపోయి తెల్లది ఊడింది. ఒక దీపం వెలిగితే ఇంకొకటి ఆరుతూ పిచ్చిగా ప్రవర్తిస్తే ముందు ఎర్తునే అనుమానించండి.

మొదటిసారి నీళ్లలోకి దింపేటప్పుడు సెలవు రోజు వద్దు. మేం బుధవారం ఉదయం లవాన్ సరస్సుకు వెళ్లాం. పలకలు పైకి లేచాయి కనుక పడవ తేలాలంటే ట్రైలరును పాతదాని కన్నా మరికాస్త లోతుకు తోయాలి. వెళ్లగానే నీళ్లలో ముంచకండి. చక్రం నడిమి భాగం (హబ్) మీద చెయ్యి పెట్టి చల్లారిందో లేదో చూడండి. వేడి బేరింగులు చల్లటి నీటిలో మునిగితే లోపలికి నీళ్లు పీల్చుకుంటాయి. బయటికి వచ్చాక అడుగు బిరడా తీసి నీళ్లన్నీ వదిలేయాలి. జీబ్రా ఆల్చిప్పలు ఒక సరస్సు నుంచి మరోదానికి పాకకుండా టెక్సస్‌లో 2014 నుంచి ఇది నిబంధన. బంకు తివాచీ కూడా నీళ్లు పట్టి ఉంచుతుంది, ఎండలో ఆరనివ్వండి.

మొదటి యాభై మైళ్లు తిరిగాక ప్రతి నట్టుకూ మళ్లీ పానా వేయాలి. చక్రాల నట్లు, ఇరుసు యూ బోల్టులు, బ్రాకెట్లు, వించ్ స్తంభం, అన్నీ. కొత్త కలప నలుగుతుంది, జింకు పూత అణుగుతుంది. మాకు ఇరుసు దగ్గర రెండు నట్లు పావు చుట్టు తిరిగాయి, ఎడమ ముందు బ్రాకెట్టుది అరచుట్టు. అన్నీ బిగించాక మామయ్య గారు మా అమ్మాయి పసుపు పెయింటు సీసా అడిగి తెచ్చుకుని, ఒక్కో నట్టు మీద నుంచి కమ్మీ మీదికి సన్నగా ఒక గీత గీశారు. నట్టు తిరిగితే గీత తెగి కనిపిస్తుంది. ఇప్పుడు బయలుదేరే ముందు వంగి ఆ గీతలు చూసుకుంటాను, రెండు నిమిషాల పని.